గాజుతొట్టికి తూము

మొన్న రాజమండ్రిలో రంగుచేపలమ్మే కొట్టు ముందునుంచి వెళ్తుంటే తడి స్పాంజి వాసన గుప్పుమంది. నాచు వాసనా కాదు, నీచు వాసనా కాదు, వానకి తడిసిన గోనెసంచి వాసనలాంటిది. అంతే, కొనాల్సిన కూరలూ గీరలూ అన్నీ మరిచిపోయి, పదకొండేళ్ళ పిల్లనై నరసాపురంలో మా ఇంటి హాల్లో తడి గచ్చు మీద నిలబడ్డాను.

ఆ ఏడు నాన్నగారి రొయ్యల చెరువుకి తెల్లమచ్చల వైరస్ తగిలింది. చూస్తూండగానే పంటంతా పోయింది. ఆ తరవాత ఆయన చెరువుగట్టు ఎక్కలేదు. పగలంతా మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవారు. అమ్మ లేసు అల్లుకుంటూ ఓరకంట చూసేదే కానీ పల్లెత్తు మాట అనేది కాదు. ఏడు నెలలు అలాగే గడిచాక, వేసవి సెలవుల్లో, వీధిలో ముంజల గెలలు దిగే రోజుల్లో, ఆయనకేం తోచిందో ఏమో, లేచి కూర్చుని చేపలు పెంచుదామా అని నన్నడిగారు. నాకింకేం కావాలి!

నాలుగడుగుల గాజుతొట్టి, దాని కింద స్టాండులో ఒక నీలం టబ్బు. తొట్టిలో నీళ్ళు పైపులోంచి టబ్బులోకి దిగి, స్పాంజీ, బొగ్గులూ, ఆల్చిప్పలూ దాటి శుభ్రపడి, కూలరు మోటారుతో మళ్ళీ పైకెక్కాలి. ఎంత దిగితే అంత ఎక్కేలా కుళాయి తిప్పి సరిచేశారు. నీళ్ళు ఏ మూలా నిలవుండిపోకూడదని, చెరువులో ఏరేటర్లు నీటిని తిప్పినట్టే, ధార గాజుగోడ వెంబడి పోయేలా పైపు మూతి వంచారు. మడ్డంతా గుండ్రంగా తిరిగి మధ్యకి చేరుతుంటే, దాన్నే చూస్తూ కాఫీ చల్లార్చుకునేవారు. ఆరు గోల్డ్ ఫిష్‌లు తెచ్చారు. అయితే రొయ్యల రైతు కదా, చెరువుకి పెట్టినట్టే నీళ్ళు దిగే తూము అడుగున పెట్టారు. అదే మా కొంప ముంచింది.

ఒక మధ్యాహ్నం నాన్నగారు బజారుకెళ్ళారు. కరెంటు పోయింది. అమ్మా నేనూ అరుగు మీద కూర్చుని ముంజలు తింటున్నాం, మోటారు ఆగిందన్న సంగతే పట్టించుకోలేదు. లోపలికెళ్ళేసరికి తొట్టి ఖాళీ. దిగే నీళ్ళు దిగుతూనే ఉన్నాయి, ఎక్కించే దిక్కు లేక టబ్బు పొంగి హాలంతా పారింది. అమ్మ లేసు ఉండలన్నీ నానిపోయాయి. తొట్టి అడుగున ఇసక మీద ఆరు చేపలూ తోకలు కొట్టుకుంటున్నాయి. నాకు ఏడుపొచ్చింది చేపల కోసం కాదు. ఇవి కూడా పోతే నాన్నగారు మళ్ళీ గోడవైపు తిరిగిపోతారు, ఇక లేవరు అని. అమ్మ టబ్బులో మిగిలిన నీళ్ళు అండాలోకి ముంచిపోస్తుంటే, నేను ఒక్కొక్క చేపనీ దోసిట్లో పట్టి అందులో వదిలాను.

నాన్నగారు గుమ్మంలోనే ఆగిపోయారు.

“ఇవీ పోయాయా?”

“లేదు నాన్నగారూ, ఆరూ ఉన్నాయి.”

నమ్మలేదు. అండా పక్కన గొంతుక్కూర్చుని తనే లెక్కపెట్టుకున్నారు. అయినా మర్నాడు తొట్టి బోర్లించేసి, చేపల్ని ఎవరికైనా ఇచ్చేద్దాం, నాకు నీళ్ళు అచ్చిరావు అన్నారు.

అమ్మ ఆయనకి తెలియకుండా తాతగారికి, అంటే వాళ్ళ నాన్నగారికి, కబురు పెట్టింది. తాతగారు కాలవ లాకుల దగ్గర లస్కరుగా చేసి రిటైరైన మనిషి, తలుపులెత్తడం దించడంలోనే జీవితమంతా గడిచింది. మామిడితాండ్ర పొట్లంతో దిగి, తొట్టిని అటూ ఇటూ తిప్పించి చూసి, అడుగున ఉన్న కన్నం మీద వేలు పెట్టారు.

“అడుగున తూము పెడితే దానికి తలుపుండాలి, తలుపు దగ్గర మనిషుండాలి అల్లుడుగారూ. లాకుల దగ్గర నేనుండేవాణ్ణి. ఇక్కడ మీరు పెట్టుకున్న మనిషి కరెంటండి. అది రోజూ డ్యూటీ ఎగ్గొడతది. నీళ్ళు పైనుంచి పొర్లేలా చూడండి, మట్టం తగ్గితే వాటంతటవే ఆగుతాయి.”

నాన్నగారు తొట్టి పక్కన కూర్చుని ఆ కన్నం చుట్టూ తనూ వేలు తిప్పి చూశారు. తరవాత లేచి రంపం తెచ్చారు. తొట్టి అంచుకి నాలుగు వేళ్ళ కిందదాకా ఒక పైపు ఆ కన్నంలో నిలబెట్టారు. తాతగారు చెప్పింది అంతే. పైనున్న తేటనీరు పోతే సరా, అడుగున మడ్డి పోవద్దా అని గొణుక్కుంటూ నాన్నగారే, కింద గాట్లు పెట్టిన లావుపాటి పైపు ఇంకోటి దానిమీద తొడిగారు. ఇప్పుడు మురికి అడుగునుంచే వస్తుంది, కానీ రెండు పైపుల సందులోంచి పైకెక్కి లోపలి పైపులోకి పొర్లితేనే దిగుతుంది. తాతగారు తలూపి తాండ్ర ముక్క చప్పరించారు.

తొట్టి నింపి, చేపల్ని వదిలి, మోటారు వేశారు. ఇక పరీక్ష. వీధి వీధంతా కరెంటు పోయిందని తిట్టేవాళ్ళే, మేం నలుగురం మాత్రం ఎప్పుడు పోతుందా అని కాచుక్కూర్చున్నాం. స్విచ్చి ఆపి చూడొచ్చుగా అంది అమ్మ. అది మనం ఆపడమవుతుంది, దాని బుద్ధి మనకెలా తెలుస్తుంది అన్నారు నాన్నగారు. ఆ రోజు అది ససేమిరా పోలేదు. సాయంత్రం నాలుగింటికి, దయతలచి, పోయింది. తొట్టిలో నీళ్ళు బొటనవేలంత దిగాయి. టబ్బులో నీళ్ళు అంచువైపు పాకాయి, పాకి, రెండు వేళ్ళ కింద ఆగిపోయాయి. ఆరు చేపలకీ ఏమీ తెలియదు, వాటి మానాన అవి తిరుగుతున్నాయి. అమ్మయ్య అనుకుంటూ నేను గచ్చు మీదే చతికిలబడ్డాను. ఆ తరవాతి పంటకి నాన్నగారు చెరువులో నీళ్ళు పెట్టారు.

ఇప్పుడు తాతగారు లేరు, ఆయన కాచిన లాకుల దగ్గర లస్కరూ లేడు. ఆ ఇల్లు పడగొట్టి మేడ కట్టారు. ఇంటింటికీ ఇన్వర్టర్లొచ్చాయి, కరెంటు పోయినా ఏ మోటారూ ఆగదు. మంచిదే, వద్దనను. కానీ ఆ సాయంత్రం మోటారు రొద ఆగబట్టే కదా, నాన్నగారు అంత చిన్నగా నవ్వినా నాకు వినపడింది.