పక్క మిషను

ష్టిప్ ఊళ్ళోని చొక్కాల ఫ్యాక్టరీలో పావ్లినా, రిస్తానా ఇరవై ఏళ్లకు పైగా పక్కపక్క మిషన్ల మీద పనిచేశారు. పావ్లినా కాలర్లు కుట్టేది, రిస్తానా కఫ్‌లు. ఒకరికి ఒంట్లో నలతగా ఉంటే రెండో ఆమె, ఆ రోజు కుట్టాల్సిన ముక్కల కట్టలోంచి కొన్ని లాక్కుని కుట్టేసేది. అలా చేయమని ఎవరూ చెప్పలేదు, వద్దనీ అనలేదు. పావ్లినా కొడుక్కి జబ్బు చేసి ఆమె నిద్రలేని కళ్ళతో పనికొచ్చిన రోజుల్లో సగం కాలర్లు రిస్తానాయే కుట్టింది.

కరోనా వచ్చాక మిషన్ల మధ్య గాజులాంటి ప్లాస్టిక్ తెరలు కట్టారు. భోజనానికి అందరూ ఒక్కసారే లేవకుండా వంతులు పెట్టారు. ఎవరి కట్ట వాళ్ళదే అన్నారు. రోగం తగ్గిపోయినా తెరలూ వంతులూ అలాగే ఉండిపోయాయి. మొదట్లో పావ్లినాకి పిచ్చెక్కినట్టుండేది. పోనుపోను అలవాటైంది. నిజానికి ఎవరి గోడూ చెవిన పడకపోవడం కాస్త హాయిగానే ఉండేది.

రిస్తానాకీ కరోనా వచ్చి తగ్గింది గానీ ఊపిరి మునుపటిలా నిలవలేదు. కాసేపు కుట్టి, మిషను మీద చేతులాన్చి ఆయాసపడేది. ఆమె పక్కన కట్టలు పేరుకుపోవడం పావ్లినా చూస్తూనే ఉంది. సాయం పడితే తన పని వెనకబడుతుంది, సూపర్‌వైజరుతో మాట పడాలి. రేపు చూద్దాంలే అనుకునేది. ఒకసారి రిస్తానా తలెత్తి ఇటు చూసింది. పావ్లినా దారం తెగినట్టు నటిస్తూ సూది మీదకి వంగిపోయింది.

చలికాలం వెళ్ళకముందే రిస్తానాని దారాలు కత్తిరించే బల్ల దగ్గరికి మార్చారు. అక్కడ జీతం తగ్గేసరికి ఆమె పని మానేసింది. పావ్లినా చూడ్డానికి వెళ్దామనుకుంటూనే వెళ్ళలేదు.

ఎండలు ముదిరాక, తెరల మధ్య ఉక్కపోత భరించలేక ఆడవాళ్లంతా పావ్లినాని మేనేజరు దగ్గరికి తోశారు. ఆమె బెదురుతూనే వెళ్ళి తెరలు తీయించమని అడిగింది. ఆయన కాగితాల మీంచి తలెత్తలేదు.

“తీసేయండమ్మా. ఎవరూ అడగలేదని ఉంచాం.”

ఆ మాట పావ్లినాని చాలాకాలం తొలిచింది.

శరత్కాలంలో ఒక ఆదివారం ఆమె రిస్తానా ఇంటికి వెళ్ళింది. పెరట్లో నిప్పుల మీద లావుపాటి ఎర్ర మిరపకాయలు కాలుతున్నాయి. వాటి తొక్క ఒలిచి, ఏటా చలికాలానికి తమ రెండు కుటుంబాలూ కలిసి చేసుకునే పచ్చడి అది. ఈసారి పక్కింటావిడ కలుపుతోంది. పావ్లినాని ఎవరూ పిలవలేదు.

“తెరలు తీసేశారక్కా. వచ్చెయ్యి, నీ కట్టలో సగం నేను లాగుతాను” అంది పావ్లినా.

రిస్తానా మిరపకాయ తొక్క ఒలుస్తూనే ఉంది.

“తెర అంటే గోడ కాదు కదే. నువ్వు నాకు కనపడుతూనే ఉన్నావు.”

తిట్టినా బాగుండేదనిపించింది పావ్లినాకి. రిస్తానా బల్ల మీద కాస్త జరిగి చోటిచ్చింది. ఇద్దరూ కాలిన తొక్కలు ఒలుస్తూ పిల్లల సంగతులు, కట్టెల ధరలు మాట్లాడుకున్నారు. ఫ్యాక్టరీ ఊసు మళ్ళీ రాలేదు.

వెళ్ళేటప్పుడు రిస్తానా గేటు దాకా వచ్చింది. మళ్ళీ రమ్మని మాత్రం అనలేదు. ఆ ఏడు పావ్లినా ఇంట్లో మిరపకాయలు కాల్చలేదు. సంతలో రెండు సీసాల పచ్చడి కొని తెచ్చుకుంది.