కేరాఫ్ మా అంగడి

కర్నూలు బస్టాండు దగ్గర మాకు గిన్నెల అంగడి ఉండేది. పల్లెల నుంచి వచ్చే వాడుకవాళ్లు ఉత్తరాలకూ, కాగితాలకూ మా చిరునామానే కేరాఫ్‌గా రాయించుకునేవారు. అడిగితే కాదనకపోవడం మా నాయన కాలం నుంచి వస్తున్న మర్యాద. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ వస్తున్న రోజుల్లో, ఆ మర్యాదే కొంప లేని ఒక ముసలామె కొంప ముంచింది.

ఆమెది కోడుమూరు వైపు పల్లె. నా అన్నవాళ్లెవరూ మిగలక మా అంగడి అరుగు మీదే పడుకునేది. నేను తలుపులు తీసేసరికి ముందంతా ఊడ్చి ఉండేది. ఆమెకు చక్కెర జబ్బుతో కాలి పుండు ముదిరితే ఆసుపత్రికి తీసుకెళ్లాను. చిరునామా లేనిదే చేర్చుకోమన్నారు. అలవాటు కొద్దీ మాదే చెప్పి, ఆమె మా ఇంట్లోనే ఉంటుందని సంతకం కూడా పెట్టాను.

రెండు వేళ్లు తీసేశారు. దుమ్ములో ఉంటే కాలే తీయాల్సొస్తుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. దిక్కులేనివాళ్ల ఆశ్రమం ఆసుపత్రి గోడకు అవతలే ఉంది గదా అని ధైర్యంగా వెళ్లాను.

అక్కడి గుమాస్తా కాగితం చూసి, "ఈమెకు ఇల్లుండాది గదప్పా" అన్నాడు.

"అది నా ఇల్లు సార్. ఆమె అరుగు మీద పండుకుంటాది."

"ఆ మాట ఆసుపత్రోళ్లను రాసియ్యమను."

ఆసుపత్రిలో, రిజిస్టరు దిద్దకూడదు, ఆశ్రమం వాళ్లు ఉత్తరం పంపితే చూస్తామన్నారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆ గోడ చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. మీరిద్దరూ ఒక్కసారి మాట్లాడుకోండి సార్ అని బతిమాలితే, "వాళ్ల డిపార్ట్‌మెంటు వేరప్పా" అన్నారు ఇద్దరూ. నాకు ఒళ్లు మండిపోయింది. గోడ దాటి ఒక్క మాట అడగలేని వీళ్లకు కుర్చీలెందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

సాయంత్రానికి ఆసుపత్రి మంచం ఖాళీ చేయించారు. ఆమెను ఆటోలో కూర్చోబెట్టి, దారంతా రెండు ఆఫీసులనూ తిట్టాను. ఆమె కట్టుకట్టిన కాలు పట్టుకుని నా వైపు తిరిగింది.

"ఆళ్లనేల తిడతావప్పా? నీ ఇంట్లో ఉంటాదని నువ్వే రాసిచ్చినావు గదా. పా, పోదాం" అంది.

అంగడి మీదే మా ఇల్లు. మేడ మీద ఒక గది ఖాళీగానే ఉంది. ఆమెను అరుగు మీదే దించాను.