ఐసు మీద చెయ్యి

“మీ ఐసు కరిగిపోతోందండీ,” అంది ఆవిడ రైలు దిగుతూ.

“మళ్ళీ వేసుకుంటానమ్మా,” అన్నాను. అదే మా ఆఖరి మాట.

మా ఆయన పోయాక కొల్లేరు చేపలు అమ్ముకుని బతుకుతున్నాను. ఆవేళ ఏలూరులో రైలెక్కితే నీచువాసనకి అందరూ జరిగిపోయారు. ఆవిడొక్కతే నా పక్కన కూర్చుని, చేపల బేసినులో ఐసు మీద చెయ్యి పెట్టింది.

“కొంకర్లు పోద్ది, తీసెయ్యండమ్మా,” అన్నాను.

“మా బిడ్డ కూడా ఆస్పత్రిలో ఇలాగే చల్లగా ఉందండీ. పిండంగానే గడ్డకట్టించి దాచారు. నా కడుపు మొయ్యలేదు, నా బదులు మా మరదలు మోస్తానంది. దానికి సర్కారు పర్మిషన్ వచ్చేలోపే నాకు యాభై దాటాయి. ఇక చట్టం ఒప్పుకోదన్నారు.”

తాడేపల్లిగూడెం దాకా చెయ్యి తియ్యలేదు.

ఇప్పుడు రోజూ సాయంత్రం మిగిలిన ఐసు కాలవలో పారబొయ్యడానికి నాకు చేతులు రావట్లేదు. కరిగేదాకా పక్కనే కూర్చుంటున్నాను.

అంతా రాశావుటే, మనవరాలా? ఆవిడ మాటలు మార్చలేదు కదా, ఓసారి చదివి వినిపించు.