అక్క దుప్పట్లు ఆరాలంటే

ఆ ఇంట్లో బుడ్డోడికి అరవై రెండేళ్ళు. ఆరడుగుల మనిషి. ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైనా అక్క నోట మాత్రం ఇప్పటికీ బుడ్డోడే. తల్లి పోయినప్పుడు వాడికి ఏడేళ్ళు, అక్కకు పంతొమ్మిది. ఆమె ఆస్పత్రి లాండ్రీలో చేరి, ఊరందరి రోగాల దుప్పట్లు ఉతికి ఆరబెట్టి వాణ్ణి చదివించింది. చదువు పెద్దగా అబ్బలేదనుకోండి, అది వేరే సంగతి. పెళ్ళి ఊసెత్తిన వాళ్ళతో "ముందు వీడి సంగతి తేలనీండి" అనేది. వీడి సంగతి తేలేసరికి ఆమెకు నలభై దగ్గర పడ్డాయి. భార్య పోయాక బుడ్డోడు మళ్ళీ అక్క దగ్గరికే చేరాడు.

అక్క మంచాన పడి ఎనిమిది నెలలు. కడుపులో కణితి. రెండు వారాల క్రితం డాక్టరు బుడ్డోణ్ణి పక్కకు పిలిచి, మందులు పనిచేయడం లేదని, చలికాలం దాటడం కష్టమని చెప్పాడు. బుడ్డోడు దారిలో ఒక బెంచీ మీద గంటసేపు కూర్చుని, ముఖం కడుక్కుని ఇంటికొచ్చాడు. "మందులు పడుతున్నాయటక్కా, నెమ్మదిగా తగ్గుతుందట" అన్నాడు. ఎంత బాగా చెప్పాడంటే తనే సగం నమ్మాడు.

అలాంటి సమయంలో, వారం రోజులుగా వాన వదలకుండా కురుస్తుంటే, బట్టలు ఆరబెట్టే డ్రయ్యరు ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. అక్కకు రోజుకు నాలుగు దుప్పట్లు మార్చాలి. కుర్చీల మీద, తలుపుల మీద, ఎక్కడ చూసినా తడి దుప్పట్లే. ఫ్యాను కింద వేసినా ఆరవు. చెమ్మ దుప్పటి మీద పడుకుని అక్క వీపు ఒరుసుకుపోయి ఎర్రబడింది.

మెకానిక్ వచ్చి నడవలో చతికిలబడి డ్రయ్యరు వెనక రేకు విప్పాడు. లోపల చెయ్యి పెట్టి డ్రమ్మును ఒకసారి తిప్పి చూసి పెదవి విరిచాడు.

"మోటారు పోయిందండీ. నా దగ్గర పాతదొకటి ఉంది, వేస్తే ఇవాళే తిరుగుతుంది. కానీ ఆర్నెల్లకు మించి పూచీ ఇవ్వలేను. కొత్త మిషను కొన్నారంటే పదేళ్ళు చూసుకోనక్కర్లేదు. మీకు ఎన్నాళ్ళు కావాలో చెప్పండి, దాన్ని బట్టి చేద్దాం."

పాపం, అతనికేం తెలుసు? రోజూ పది ఇళ్ళలో అడిగే మాటే అడిగాడు. బుడ్డోడు వెనక్కి తిరిగి చూశాడు. నాలుగడుగుల దూరంలో అక్క గది తలుపు బార్లా తెరిచి ఉంది.

"కొత్తదే కొందాం," అన్నాడు, లోపలికి వినపడేట్టు. "పదేళ్ళు వచ్చేదే చూడండి."

"బుడ్డోడా, ఇలా రా," అంది అక్క లోపల్నుంచి.

వెళ్ళాడు.

"పాత మోటారు వేయించు."

"నీకెందుకక్కా ఈ గోల? నేను చూసుకుంటున్నాగా."

"పదేళ్ళు అందులో ఏం ఆరబెడతావురా? నీ రెండు చొక్కాలా?"

"అదేంటక్కా, నీకు తగ్గాక కూడా..."

"తగ్గాక రోజుకు నాలుగు దుప్పట్లెందుకు?"

బుడ్డోడు కుర్చీ మీది తడి దుప్పటి తీసి మడతపెట్టబోయాడు.

"ముప్పై ఆరేళ్ళు ఆస్పత్రి దుప్పట్లు చూశాన్రా," అంది అక్క మెల్లగా. "ఏ మంచం దుప్పటి రోజుకెన్నిసార్లు కిందికొస్తోంది, దాని మీద ఏం మరకలున్నాయి, అది చూస్తే చాలు. పైన వాళ్ళ చుట్టాలకు ఇంకా ఎవరూ చెప్పి ఉండరు, కింద లాండ్రీలో మాకు తెలిసిపోయేది. నా దుప్పటి చూస్తే నాకు తెలీదా?"

"మరి నాతో అనలేదేం?"

"అంత కష్టపడి అబద్ధం చెప్తున్నావు. మధ్యలో ఆపడం ఎందుకని."

బుడ్డోడు మంచం అంచున కూలబడ్డాడు. నడవలో మెకానిక్ చిన్నగా దగ్గాడు, తనింకా అక్కడే ఉన్నానని తెలియడానికి. కాసేపటికి బుడ్డోడు లేచి వెళ్ళాడు.

"పాత మోటారే వేయండి. ఈ చలికాలం గడిచేదాకా తిరిగితే చాలు."

ఆ మాట పైకి అనడం అదే మొదలు. మెకానిక్ గది వైపు ఒకసారి చూసి, తల దించుకుని పనిలో పడ్డాడు.

మధ్యాహ్నానికి డ్రయ్యరు తిరిగింది. బుడ్డోడు వెచ్చటి దుప్పటి తెచ్చి, అక్కను ఒక పక్కకు ఒత్తిగిలజేసి, ముడత లేకుండా పరిచాడు. వీపుకు ఆ వెచ్చదనం తగలగానే అక్క కళ్ళు మూసుకుంది. తరవాత తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

"నొప్పి ఇంకా పెరుగుతుందట్రా? డాక్టరేమన్నాడు? ఎప్పట్నించో అడగాలని ఉంది. నువ్వేమో తగ్గుతుందంటున్నావు, ఎలా అడగను?"

బుడ్డోడికి అప్పుడు తెలిసింది తను చేసిన పని. అక్కను కాపాడుతున్నాననుకున్నాడు. ఈ రెండు వారాలూ ఆ ప్రశ్నతో ఆమెను ఒంటరిగా వదిలేశాడు.

"పెరుగుతుందటక్కా," అన్నాడు. "దానికి వేరే మందుంది, ఇంటికొచ్చి ఇస్తారట. ఆస్పత్రికి వెళ్ళక్కర్లేదు. నేను పక్కనే ఉంటాను."

అక్క వాడి చెయ్యి వదల్లేదు.

"భయంగా ఉందిరా," అంది.

తల్లి పోయిన రోజు కూడా ఆమె నోట ఆ మాట వాడు వినలేదు.

"నాకూ భయంగానే ఉందక్కా," అన్నాడు.