మొదటి బండి ఏది?

మాలూరులోని ఆ ఫ్యాక్టరీలో నేల మీదా, నీళ్ల మీదా నడిచే ఎనిమిది చక్రాల బండ్లు తయారవుతాయి. వాటిని నీళ్ల తొట్టిలో దించి లీకులు పట్టడం టేకల్ సొన్నమ్మ పని.

ఆ రోజు పెయింటర్ గోడ మీద కంపెనీ చరిత్ర రాస్తున్నాడు. "2009: మొదటి బండి" అన్న వరస చూసి సొన్నమ్మ ఆగిపోయింది. 2006లో ఇటుకల బట్టీలో పనిచేస్తున్న తనను ఈ కంపెనీవాళ్లే పిలిచి, నీళ్లు నిండిన క్వారీ గుంటలో పరీక్షకు దించిన ఒక పసుపు బండిలో బరువు కోసమని ఎక్కించారు కదా!

ఆ పసుపు బండిని ఎందుకు రాయలేదని మేనేజర్ పురుషోత్తమ్‌నే అడిగింది.

"అది మునిగిపాయ కదమ్మా. అది బండి కింద రాదు."

"అవతలి గట్టుదాకా పోయినాను అప్పా. తిరిగి వచ్చేటప్పుడే మునిగినాది. దాని ఇంజనే తీసి ఈ 2009 బండికి పెట్టినారు. ఇంగ ఇది మొదటిదా, రెండోదా?"

పురుషోత్తమ్ తల గోక్కున్నాడు. "నాకూ తెలీడంలేదమ్మా."

"సార్, ఏం రాసేది?" అన్నాడు పెయింటర్.

"ఆ వరస చెరిపెయ్యప్పా. రెండో వరస నుంచి రాయి," అన్నాడు పురుషోత్తమ్.

సొన్నమ్మ తొట్టి దగ్గరికి వెళ్లిపోయింది. ఈత రాని తాను అంత భయపడిన రోజు అసలు జరిగినట్టా, జరగనట్టా అన్నది ఆమెకు సాయంత్రం దాకా అంతుపట్టలేదు.