మా మామ సరిచేసిన గళ్ల బట్ట

మొన్న బడులు తెరిచిన వారంలో, సూరత్‌లో అడాజన్ వైపు వెళ్లే బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. తొలి వాన అప్పుడే పడి వెలిసింది. బస్సు నిండా తడి గొడుగులు, కొత్త బ్యాగుల వాసన, కిటికీ పక్క సీటు కోసం గుజరాతీలో కొట్లాడుకుంటున్న పిల్లలు. నా ఎదుట సీట్లో ఒకమ్మాయి కూర్చుంది. పధ్నాలుగేళ్లుంటాయేమో. బూడిద రంగు మీద నీలం గళ్లు, ఒక్కో నీలం పట్టీ పక్కన సన్నటి ఎర్ర గీత ఉన్న స్కర్టు. ఇంత వయసొచ్చిన దాన్ని, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, వంగి మరీ ఆ గీతలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పక్కనున్న వాళ్లమ్మ నన్ను ఎగాదిగా చూసి, బ్యాగు తీసి కూతురి ఒళ్లో పెట్టింది. నేను గబుక్కున తల తిప్పి తాపీ నది వైపు చూశాను. ఆవిడకేం చెప్పను? మీ పిల్ల స్కర్టుకు పట్టీ పక్కన ఒక్కటే ఎర్ర గీత ఉంది, మా పిల్ల స్కర్టుకు రెండుండేవి అని చెబితే, నన్ను తర్వాతి స్టాపులో దింపేయించేది.

ఆ రెండో గీత సంగతి చెప్పాలంటే ముందు మా మామ సంగతి చెప్పాలి. మామ అంటే మా ఆయన తండ్రి. కరీంనగర్ వైపు పల్లెలో గుంట మగ్గం మీద రంగురంగుల తువ్వాళ్లు, లుంగీలు నేసిన చేయి ఆయనది. పెళ్లయిన కొత్తలో సూరత్ వచ్చి కరెంటు మగ్గాల మీద పడ్డాడు. వాటిని మా వాళ్లు సాంచాలంటారు. ఖటోదరాలో ముప్పై ఏళ్లు సాంచాలు నడిపాడు, ముప్పై ఏళ్లూ ఒకటే తెల్లటి కోరా బట్ట నేశాడు. దానికి రంగులేసే భాగ్యం వేరే మిల్లుల వాళ్లది. ఆ ముప్పై ఏళ్ల చప్పుడు ఆయన చెవుల్ని చాలావరకు తినేసింది. అందువల్ల ఆయన మామూలుగా మాట్లాడితేనే పక్క గల్లీ వాళ్లు తలుపు తీసి చూస్తారు. ఇక ఆయన రహస్యం చెప్పాడంటే నాలుగు గల్లీలకు తెలిసినట్టే. కళ్లు మాత్రం డేగ కళ్లు. నడుస్తున్న మగ్గం మీద అన్ని వందల పోగుల్లో ఒక్క పోగు తెగినా దూరం నుంచే కనిపెట్టి, ఆపి, ముడేసేవాడు. పని మానేసినా ఆ అలవాటు మానలేదు. ఎవరింటికి పిల్లను చూడ్డానికి పోయినా, పిల్లకంటే ముందు కిటికీ కర్టెన్ పట్టుకుని చూసేవాడు. జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. డాక్టరు ఆయన చేయి పట్టుకుని నాడి చూస్తుంటే, ఆయన డాక్టరు చొక్కా అంచు పట్టుకుని నేత చూస్తున్నాడు.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి దాకా కార్పొరేషన్ వాళ్ల తెలుగు బడిలో చదివింది. తొమ్మిదికి నది అవతల నన్‌లు నడిపే హైస్కూల్లో సీటొచ్చింది. అంతా ఇంగ్లీషు. అక్కడి పెద్ద సిస్టర్ కేరళ ఆవిడ, మనిషి సన్నగా, నెమ్మదిగా ఉంటుంది. దీన్ని అరగంటసేపు అవీ ఇవీ అడిగి, లెక్కలు బాగున్నాయి, ఇంగ్లీషు మేం చూసుకుంటాం అని చేర్చుకుంది. అయితే కొత్త పిల్లలు మొదటి రోజు తప్పకుండా రావాలని, రాకపోతే ఆ సీటు వరసలో ఉన్న ఇంకొకరికి పోతుందని గట్టిగా చెప్పింది. మా ఇంట్లో ఆ రోజు పండగే. మా ఆయన సూరత్ వాళ్ల శనగపిండి టిఫిను లోచో తెస్తే, మా మామ కారప్పొడి చల్లుకుని మూడు ప్లేట్లు తిన్నాడు. పిల్లకు మాత్రం సంతోషంతో పాటు ఒక బెంగ పట్టుకుంది. ఫారం నింపుతుంటే నా పక్కన చేరి మెల్లగా అంది.

“అమ్మా, నాన్న పని టెక్స్‌టైల్ అని రాయి. సాంచాలని రాయకు.”

నాకు చివుక్కుమంది. అయినా దాని మొహం చూసి అట్లాగే రాశాను. ఆ బడిలో దాదాపు అందరూ ఫ్లాట్లలో ఉండే పిల్లలు, చిన్నప్పటి నుంచీ ఇంగ్లీషులో చదివినవాళ్లు. వాళ్ల మధ్య తను ఎవరి కంటా పడకుండా ఉండాలి, అదొక్కటే దాని కోరిక. అందుకే దానికి యూనిఫాం అంటే ప్రాణం అయిపోయింది. యూనిఫాం వేస్కుంటే అందరం ఒక్కతీరే కనబడ్తం కదా, ఎవరు ఎక్కడినుంచి వచ్చిండ్రో ఎవరికెరుక అనేది. వేసవి సెలవులంతా అద్దం ముందు నిలబడి, లోపలికి రావచ్చా సిస్టర్, నీళ్లు తాగి రావచ్చా సిస్టర్ అని ఇంగ్లీషులో వల్లె వేసింది. దాని ధాటికి మా ఆయన కూడా వంటింట్లోకి రావాలంటే నన్ను ఇంగ్లీషులో అడగడం మొదలుపెట్టాడు.

యూనిఫాం బట్ట అడాజన్‌లో ఫలానా దుకాణంలో దొరుకుతుందని నేను మా ఆయనతో చెబుతున్నాను. ఎప్పుడూ ఏదీ వినబడని మా మామకు ఆ మాట మాత్రం వినబడింది.

“సాలోళ్ల ఇంట్ల పిల్ల పెద్దబడికి పోతుంటే దుకాణపు బట్ట కడ్తదా? గింతమందిమి చేతులు ముడుచుకొని కూసున్నమా?” అన్నాడు.

మా సాలోళ్లలో, అంటే నేతపని వాళ్లలో, అదొక పట్టింపు. పిల్ల జీవితంలో ఏది మొదలైనా, ఆ రోజు ఒంటి మీది బట్ట ఇంటి మగ్గం మీదిదై ఉండాలంటారు పెద్దలు. సూరత్ వచ్చాక తెల్ల కోరా బట్ట తప్ప ఏమీ నేయని వాళ్లం, ఆ పట్టింపును మెల్లగా మరిచిపోయాం. ఆయన మరవలేదు. వేసవిలో ఊళ్లో పెళ్లి ఉంది, అక్కడ వాళ్లన్న ఇంట్లో గుంట మగ్గం ఇంకా ఆడుతూనే ఉంది. నమూనా ఇస్తే నేసుకొస్తానన్నాడు. పక్కింటి అమ్మాయి అదే బడిలో చదువుతుంది, దాని పొట్టిదైపోయిన స్కర్టు నుంచి చేతిరుమాలంత ముక్క కత్తిరించి ఇచ్చాను. మా అమ్మాయీ కాదనలేదు. గళ్లు అవే అయితే ఎక్కడ నేస్తేనేం అనుకుంది. ఆయన ఆ ముక్కను చొక్కా జేబులో పెట్టుకుని రైలెక్కాడు. ఊరి నుంచి రోజూ ఫోను చేసేవాడు. ఇవాళ నీలం పోగులు అద్దకానికిచ్చిన, ఇవాళ పడుగు పోసిన అని తను చెప్పాల్సింది చెప్పి పెట్టేసేవాడు. మేం చెప్పేది ఎలాగూ వినబడదు కనుక ఆయనకు ఫోనంత సుఖమైన వస్తువు ఇంకోటి లేదు.

బడి తెరవడానికి రెండు రోజుల ముందు దిగాడు. సంచిలోంచి బట్ట తీసి మంచం మీద పరిచాడు. గంజి వాసన గుప్పుమంది. ఏం బట్ట అది! దుకాణం బట్ట ఒంటి మీద జారిపోతుంది, ఇది నిలబడింది. ముప్పై ఏళ్లు తెల్ల బట్ట నేసిన మనిషి, రంగు మీద తన ఆకలంతా ఆ మూడు మీటర్లలో తీర్చుకున్నాడు. నేను మురిసిపోతూ కత్తెర తీసుకుని, కొలత కోసం నమూనా ముక్కను బట్ట పక్కన పెట్టాను. అప్పుడు చూశాను. ముక్కలో నీలం పట్టీకి ఒక పక్కనే ఎర్ర గీత ఉంది. మామ బట్టలో రెండు పక్కలా ఉంది. నిలువునా అంతే, అడ్డంగా అంతే.

ఆయన చెవి దగ్గర నోరు పెట్టి ఇదేంటని అడిగాను. నేను కనిపెట్టినందుకు ఆయన సంబరపడ్డాడు.

“నువ్వు సూసినవా? ఆల్ల బట్టల ఒక పోగు తప్పింది బిడ్డా. ఒక దిక్కు ఉండి ఒక దిక్కు లేకుంట గళ్లు ఎట్లుంటయి? పడుగు అతికినోడు తాగి అతికిండు. ఎవ్వడు సూస్కోలే. నేను సరిజేసిన.”

ముక్కంతా అలాగే ఉంది కదా మామా, బడి వాళ్లు కావాలనే ఒక్క గీత పెట్టుకున్నారేమో అని అరిచాను. ఆయన ఆలోచించి, అంతటా తప్పిండ్రంటే ఇంకా పెద్ద తప్పు అన్నాడు. దుకాణానికి ఫోను చేస్తే ఆ బట్ట అయిపోయిందని, వారం తర్వాత రమ్మని చెప్పారు. నేను కుట్టు మిషను ముందు కూర్చుని, దేవుడా, మడతల్లో ఆ రెండో గీత దాగిపోవాలి అనుకుంటూ కుట్టేశాను. గీతలు దాగవు. అమ్మాయి స్కర్టు చేతిలోకి తీసుకోగానే దాని మొహం వాడిపోయింది. నేను మొదటిరోజు పోను, దుకాణంల దొరికినంక పోత అంది. సీటు పోతుందని నేనన్నాను. ఇద్దరం గుసగుసగానే పోట్లాడుకున్నాం. మధ్యలో మా మామ వచ్చి ఆ స్కర్టు దాని నడుముకు ఆనించి చూసి, కళ్లు తుడుచుకున్నాడు. అది ఆయన వంక చూసింది. స్కర్టు తీసుకెళ్లి ఇస్త్రీ చేసుకుంది.

మొదటి రోజు కొత్త పిల్లల ఇంటివాళ్లను లోపలికి రానిచ్చారు. మా ఆయనకు పని ఉండటంతో మామా, నేనూ వెళ్లాం. గేటు పక్క మేరీమాత గుహ దగ్గర పూలకుండీలు కడిగి పెట్టారు. మైదానంలో వరసలు వరసలుగా పిల్లలు, అందరి స్కర్టులూ ఒకే గళ్లు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి వరసలో, సరిగ్గా మధ్యలో, బ్యాగు నడుముకు అడ్డం పెట్టుకుని నిలబడింది. ప్రార్థన అయ్యింది. పెద్ద సిస్టర్ కొత్త పిల్లలను పలకరిస్తూ వరసల మధ్య నడిచి వచ్చింది. దాని దగ్గర ఆగింది. బ్యాగు పక్కకు తీయమంది. వంగి, స్కర్టు అంచు రెండు వేళ్లతో పట్టుకుని చూసింది. పక్క పిల్ల స్కర్టు చూసింది. మళ్లీ దీనిది చూసింది. నాకు భయం పట్టుకుంది. సీటు గురించి కూడా కాదు, ఈ పిల్ల రేపటి నుంచి ఇక్కడికి రానంటుందేమోనని.

నేను చేయి పట్టుకునే లోపే మా మామ నడిచిపోయాడు. తన నేతను ఎవరో చేత్తో పట్టి చూస్తుంటే ఆయన దూరంగా ఎట్లా నిలబడతాడు? పోయి సిస్టర్‌కు దండం పెట్టి, తనకొచ్చిన హిందీలో, తన మామూలు గొంతుతో, అంటే మైదానం చివర జామచెట్టు దాకా వినబడేలా చెప్పాడు.

“సిస్టర్ జీ, ఆప్‌కే కప్‌డే మే ఏక్ ధాగా ఛూట్ గయా థా. మైనే బరాబర్ కర్ దియా.”

మీ బట్టలో ఒక దారం తప్పింది, నేను సరిచేశాను అని. ఎక్కడో కిసుక్కున నవ్వు మొదలై వరసల వెంట పాకింది. మా అమ్మాయి తల వంచుకుని ఉంది. చెవులు ఎర్రబడ్డాయి. సిస్టర్ దాని వైపే తిరిగి, ఈ బట్ట ఎవరు నేశారు అని ఇంగ్లీషులో అడిగింది. అది నా వైపు చూసింది. నవ్వుతున్న పిల్లల వైపు చూసింది. చివరకు వాళ్ల తాత వైపు చూసింది. ఆయనకు నవ్వు వినబడలేదు. బట్ట సంగతి తేలాలని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అప్పుడది తల ఎత్తింది. సెలవులంతా వల్లె వేసిన మాటల్లో అక్కడికి పనికొచ్చేది ఒక్కటీ లేదు. అయినా చెప్పింది.

“మై గ్రాండ్‌ఫాదర్, సిస్టర్. హీ ఈజ్ ఎ వీవర్. హీ కరెక్టెడ్ ఇట్.”

ఆ మాట చివరి వరసకూ వినబడింది. తాత గొంతు మా ఇంటి పిల్లకు రాకుండా ఎలా ఉంటుంది? సిస్టర్ కళ్లద్దాలు తీసి, అంచు మళ్లీ పట్టుకుని, నిలువునా అడ్డంగా పోగులు చూసింది. ఆమె నవ్వింది. ఆ నవ్వులో వెక్కిరింత లేదు. ఇన్నేళ్లుగా నేనీ బట్టను రోజూ చూస్తున్నాను, ఇది నాకు తట్టనేలేదు అని హిందీలో అంది. నియమం నియమమే, పిల్ల పెరిగి ఇది పొట్టిదైనప్పుడు అందరిలాంటిదే కుట్టించాలి, అప్పటిదాకా ఇది ఉండనీ అని డ్రిల్లు మాస్టారికి చెప్పి, మా మామకు రెండు చేతులెత్తి దండం పెట్టింది. మామ దండం అందుకుని, అదే అదనుగా డ్రిల్లు మాస్టారి టై పట్టుకుని చూడబోతుంటే నేను వెళ్లి ఆపాను. ఇక ఆ స్కర్టు పొట్టిదవుతుందా? నేను కింద నాలుగు వేళ్ల మడత పెట్టి కుట్టాను. అది రెండేళ్లూ దాన్నే వేసుకుంది. మొదటి వారం తిరక్కుండానే, మీ స్కర్టుల్లో ఒక పోగు తప్పింది తెలుసా అని తోటి పిల్లలకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. ఎవరి కంటా పడకూడదన్న పిల్ల, మధ్యాహ్నం డబ్బాలు తినేవేళ చుట్టూ పదిమందిని కూర్చోబెట్టుకునేది.

ఆ రోజు బస్సులో తిరిగి వస్తుంటే, పిల్ల సిస్టర్‌తో ఏమన్నదని మామ అడిగాడు. ఆయనకది వినబడలేదని నాకప్పుడే గుర్తొచ్చింది. చెవి దగ్గర నోరు పెట్టి, “మా తాత నేతగాడు, ఆయననే సరిజేసిండు అన్నది మామా” అని అరిచాను. బస్సంతా మా వైపు తిరిగింది. ఆయన కళ్లు మెరిశాయి. విన్నాడని నాకు తెలిసిపోయింది. అయినా చేయి చెవికి ఆనించి, ఏందీ అన్నాడు. మళ్లీ చెప్పాను. వంతెన దాటేలోపు మూడుసార్లు చెప్పించుకున్నాడు.

ఏడెనిమిదేళ్లయింది. అమ్మాయి ఇప్పుడు కాలేజీలో ఉంది. ఆయన చెవులు ఇంచుమించు పూర్తిగా పోయాయి, వినికిడి మిషను కొనిస్తే సొరుగులో పెట్టుకున్నాడు. ఇప్పటికీ సాయంత్రం టీ ఇస్తే, గ్లాసు అందుకుంటూ, ఆ దినం పిల్ల ఏమన్నదే బిడ్డా అంటాడు. నేనిప్పుడు అరవను. పెదవులు కదపడం మొదలుపెడతాను, మిగతా మాట ఆయనే పూర్తి చేస్తాడు. కాలం ఆయన దగ్గర్నుంచి ఒక్కో చప్పుడే పట్టుకుపోతోంది. ఆ ఒక్క మాట జోలికి మాత్రం రాలేకపోతోంది.