విరిగిన మాటల పుస్తకం

బట్టంబాంగ్ పట్నంలో కోర్టు గోడకు ఎదురుగా ఫున్ థావ్రీ టైపు దుకాణం ఉంది. ఒక కంప్యూటర్, ఒక జిరాక్స్ మిషను, మూడు ప్లాస్టిక్ కుర్చీలు. అర్జీలు, భూమి కాగితాలు, పెళ్లి శుభలేఖలు, నూరో రోజు కర్మ పిలుపులు అన్నీ ఆమె చేతి మీదుగానే వెళ్లేవి. ఆమె చదివింది ఏడో తరగతి. ఒక ఆఫీసులో ఊడ్చే పనికి చేరి, గుమాస్తాలు మధ్యాహ్నం భోజనానికి లేచి వెళ్లినప్పుడు పాత టైపు మిషను మీద వేళ్లు ఆడించి నేర్చుకుంది.

మా ఖ్మేర్ రాతలో మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదలం. ఏ మాట ఎక్కడ ముగిసిందో చదివే మనిషికి తెలుస్తుంది, కంప్యూటర్‌కు తెలియదు. వరుస నిండగానే మాటను ఎక్కడ పడితే అక్కడ విరిచి సగం కింద పడేస్తుంది. అలా చేయకుండా ఉండాలంటే దానికి మాటల పట్టీ ఒకటి ఇవ్వాలి. రాజధాని నాంపెన్‌లో మేం నలుగురం కలిసి ఆ పట్టీ తయారుచేశాం. ఓపెన్ సోర్స్ పని: ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. తీసుకున్నవాళ్లు వేలల్లో ఉన్నారు. దిద్దింది మేం నలుగురమే. తర్వాత ముగ్గురు ఒకరి వెనక ఒకరు తప్పుకున్నారు. నేను మిగిలాను.

జనాన్ని కలుపుకుందామని ఒకసారి సభ పెట్టాను. బొమ్మ అచ్చేయించిన చొక్కాలు పంచాను. నలభై మంది వచ్చారు, భోంచేశారు, చొక్కాలు తొడుక్కుని ఫొటోలు దిగి వెళ్లారు. ఆ తర్వాత ఒక్కరూ ఒక్క మాట పంపలేదు. మనవాళ్లకు ఇలాంటివి పట్టవని తీర్మానించుకుని ఊరుకున్నాను.

మా పట్టీ వాడుతున్న థావ్రీ మాకు ఉత్తరం రాసింది ఆ రోజుల్లోనే. ఆమె వేసిన ఒక శుభలేఖలో పెళ్లికూతురి పేరు వరుస చివర రెండు ముక్కలైంది. కింద పడ్డ ముక్కను విడిగా చదివితే తిట్టు. పెళ్లికూతురి మేనత్త దుకాణానికి వచ్చి వీధంతా వినబడేలా కడిగేసింది. థావ్రీ శుభలేఖలన్నీ మళ్లీ వేసి ఇచ్చి, తప్పు ఎక్కడుందో వివరంగా మాకు రాసింది. దానికి నేను ఇంగ్లీషులో రెండు ముక్కలు జవాబిచ్చాను: నియమాలు చదివి, చెప్పిన పద్ధతిలో పంపండి అని. ఆమె మళ్లీ రాయలేదు. ఆ తర్వాత నేను ఆ సంగతే మరిచిపోయాను.

రెండేళ్లకు మా మేనత్త భూమి కాగితం నకలు కోసం బట్టంబాంగ్ వెళ్లి, ఎండకు తాళలేక ఆ దుకాణంలో కూర్చున్నాను. కౌంటరు మేకుకు దారంతో ఒక నోటుపుస్తకం వేలాడుతోంది.

"ఇదేంటక్కా?"

"విరిగిన మాటలు. ఎవరి కాగితంలో ఏ మాట విరిగితే వాళ్లు అందులో రాసి పోతారు. సాయంత్రం నా మిషన్లో కలుపుకుంటా."

తిప్పి చూశాను. పదకొండు వందలకు పైగా మాటలు, పదిరకాల చేతిరాతలు. చేపల పేర్లు, వలల పేర్లు, కాన్పు మాటలు, పొలాల హద్దుల మాటలు. మా పట్టీలో వాటిలో సగం కూడా లేవు.

"మీ మిషన్లో ఉన్న మాటల పట్టీ నేనే చూసుకుంటానక్కా. పేరు నారిత్," అన్నాను.

ఆమె టైపు ఆపి కళ్లజోడు పైకి తోసుకుంది. "ఇంగ్లీషులో నన్ను తిట్టింది నువ్వేనా?"

"తిట్టలేదక్కా. నియమాలు చదవమన్నాను."

"అర్థం కాని భాషలో పుల్లవిరుపుగా రెండు ముక్కలు రాస్తే తిట్టనే అనుకుంటాం, బాబూ. వారం రోజులు సిగ్గుపడి చచ్చాను, ఏం తప్పు రాశానో అని."

నకలు చేతికొచ్చాక కూడా కదలకుండా కూర్చుని, ఈ పుస్తకం మాకిస్తారా అని అడిగాను.

"ఇస్తా. కానీ మాట పంపినవాళ్లకు మన భాషలో జవాబు రావాలి. ఆ మాట పక్కన వాళ్ల పేరుండాలి. వద్దనుకుంటే ఎందుకు వద్దో చెప్పాలి."

"పేరు వేయాలంటే వాళ్లకు మా సైటులో అకౌంట్ ఉండాలక్కా."

"మంత్రసాని యాన్ పిన్నికి అకౌంట్ లేదు. పేరుంది."

నెల తిరిగేసరికి నేను పద్ధతి మార్చాను. ఫోన్లో నోటితో చెప్పినా చాలు, కాగితం ఫొటో పంపినా చాలు. కొత్త పట్టీలో కాన్పు మాటలు ముప్ఫై ఆరింటి పక్కన యాన్ పేరు పడింది. థావ్రీ ఆ పుట ముద్రించి గోడకు అంటించింది. యాన్ పిన్ని అది చదివించుకుని, మర్నాడు మరో ఇద్దరు మంత్రసానులను వెంటబెట్టుకొచ్చింది. వాళ్లను చూసి చేపల బజారు వాళ్లు వచ్చారు. "ఆవిడ పేరు గోడెక్కింది, నా పేరెందుకు ఎక్కదు?" అని సాంగ్కే ఏటి మీద వలేసే ఒకాయన పోట్లాటకే దిగాడు. ఆయన దగ్గర తొంభై చేపల పేర్లు దొరికాయి.

రిటైరైన హియాన్ మాస్టారు వచ్చేదాకా అంతా సాఫీగానే నడిచింది. ఆయన పుస్తకం ఇంటికి తీసుకెళ్లి, మూడు వందల మాటలు ఎర్రసిరాతో కొట్టేసి తెచ్చాడు. నిఘంటువులో లేవట, బజారు మాటలట. అందులో యాన్ చెప్పినవి ఇరవై పైనే ఉన్నాయి. ఆ ఎర్రగీతలు తన మాటల మీదేనని తెలిసి ఆమె రావడం మానేసింది. నేను చదువుకున్నవాణ్ని కనుక మాస్టారి పక్షం వహించాను. తీసేద్దాం అన్నాను.

థావ్రీ నాతో వాదించలేదు. మాస్టారితోనే అంది: "అవి తప్పు మాటలేనండి. పిల్లలకు బళ్లో అలాగే చెప్పండి. కానీ జనం రాస్తున్నారుగా. తప్పు మాటకైనా నడుం విరవకూడదు కదండీ."

"నాకు భాష నేర్పుతున్నావా?" అని ఆయన గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. నెల రోజులు ఆ వీధిలోనే నడవలేదు.

ఆమె ఒక ఉదయం చేపల పులుసు పోసిన బియ్యపు సేమ్యా గిన్నెలో పట్టుకుని ఆయనింటికి వెళ్లింది. క్షమాపణ అడగలేదట. బౌద్ధ విహారంలో చదివే పాత పాళీ మాటలు ఎక్కడ విరవాలో ఊళ్లో ఎవరికీ తెలియడం లేదని, ఆ భాగమంతా మీరే చూసుకోవాలని అడిగిందట. ఆయన గిన్నె ఖాళీ చేసి, "రేపు రానీ, చూద్దాం," అన్నాడు. మర్నాడు వచ్చాడు. మూడు వందల మాటలూ పట్టీలో ఉండిపోయాయి. యాన్ పిన్ని మాత్రం ఆయన ఉన్న గదిలో మళ్లీ అడుగుపెట్టలేదు. మాటలు ఫోన్లో పంపేది, ప్రతిసారీ చివర "ఆ గొడుగాయనకు చూపించకు" అని కలిపేది.

మూడో ఏడు నా ఉద్యోగం మారి తీరిక పోయింది. పట్టీ చూసుకునే బాధ్యత థావ్రీకి ఇచ్చాను. వద్దని బతిమాలింది. "నాకు ఏడో తరగతి, బాబూ." నేను వినలేదు. ఫోన్లో నాలుగు రోజులు నేర్పాను.

రెండు నెలలు బాగానే చేసింది. ఒక సోమవారం పొద్దున ఏదో సరిచేయబోయి, ఒక అక్షరంతో మొదలయ్యే మాటలన్నీ చెరిపేసింది. దేశంలో కొత్త పట్టీ తీసుకున్న ప్రతి కంప్యూటర్‌లోనూ ఆ మాటలు ముక్కలవడం మొదలైంది. సంగతి తెలిసి ఆమె దుకాణం మూసేసింది. నేను పనిలో ఉండి మధ్యాహ్నం దాకా ఫోను చూడలేదు. చూసేసరికి ఆమె పిలుపులు పద్నాలుగు.

"నా వల్ల కాదని చెప్పానా లేదా," అంది. "ఇంకెవరినైనా చూసుకో. జనం మొహం ఎట్లా చూడను?"

ఉండక్కా, చూస్తాను అని కంప్యూటర్ తెరిచాను. దిద్దడానికి ఏమీ మిగల్లేదు. కంపాంగ్‌చామ్‌లో బోర్డులు రాసే ఒకాయన పాత పట్టీ నుంచి సగం తిరిగి పెట్టాడు. మిగిలింది తాకియోలో ఒక నర్సు పెట్టింది. హియాన్ మాస్టారు తన పాళీ మాటలన్నీ లెక్క సరిపోయాయో లేదో వరుసగా చూసి, రెండు తగ్గాయని రాశాడు. మొత్తం పదిహేడు మంది చెయ్యి పడింది. వాళ్లలో ముగ్గురే నాకు తెలుసు. ఒక్కరూ ఆమెను ఒక్క మాట అనలేదు. "అక్కకు ఒంట్లో బాగాలేదా?" అని మాత్రం నర్సు అడిగింది.

పదిహేడు పేర్లూ ఫోన్లో చదివి వినిపించాను. అవతల దుకాణం షట్టరు పైకి లేపిన చప్పుడు వినిపించింది.

"బాబూ," అంది, "మానేస్తానన్నది నీతోనే అన్నాను. ఆ పదిహేడు మందికీ చెప్పకు. వాళ్లకు జవాబులు రాయాలి నేను."